అల్లుడిగారి కడుపు

మా గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంటికొచ్చిన మనిషి కడుపు నిండితే తృప్తి ఉండదు, గొంతుదాకా నిండాలి. "ఇంక చాలండీ" అన్న మాట మా చెవికి "ఇంకో రెండు వడ్డించండి" అనే వినిపిస్తుంది. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వేస్తాం. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాల వంటకాలు పరిచి పేపర్లో ఫొటో వేయించుకునేదీ మేమే. ఆ ఫొటోల్లో అల్లుడి మొహం ఎప్పుడైనా పరీక్షగా చూశారా? పెదాలు నవ్వుతుంటాయి, కళ్ళు మాత్రం గుమ్మం ఎటుందో వెతుకుతుంటాయి. ఆ చూపుకి అర్థమేమిటో ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. చివరికి విడమరిచి చెప్పినవాడు అరచేతిలో పట్టే ఒక పిల్లిపిల్ల. నోటితో చెప్పలేదు.

ముందు వాడి పేరు సంగతి చెప్పాలి. తర్వాత రాజమండ్రిలో మా పరువు పోయినదంతా ఆ పేరు మూలంగానే. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళి మాట ఎత్తామంటే చాలు, ఎంత మంచి టవరు కింద ఉన్నా దానికి సిగ్నల్ పోతుంది. అలాంటి పిల్ల ఆగస్టులో ఒక శనివారం స్నేహితురాలి కారులోంచి దిగి, చున్నీలో చుట్టిన బూడిదరంగు ప్రాణిని నా చేతిలో పెట్టింది. "అపార్ట్‌మెంట్ పార్కింగులో స్కూటీ కింద దొరికాడమ్మా. తల్లి కనపడలేదు. మా ఓనరు ఒప్పుకోడు. నువ్వయితే చూసుకుంటావు" అంది. మా ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఆ ప్రాణిని చూశారు, కూతుర్ని చూశారు. "వచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టి ఆఖరికి ఈ అల్లుణ్ణి తెచ్చావా తల్లీ" అన్నారు. అంతే, పేరు అతుక్కుపోయింది. అమ్మాయి కోపంతో ఏవో రెండు మూడు స్టైలు పేర్లు పెట్టి పిలిచింది. వాడు పలకలేదు. "అల్లుడూ" అంటే మాత్రం చెవులు నిక్కించాడు. అల్లుళ్ళకి ఆ పిలుపులో ఏదో ఉంటుంది.

ఆదివారం తిరుగుప్రయాణమవుతూ అమ్మాయి నాకో ప్యాకెట్టు ఇచ్చి, "వీడికి ఇదే పెట్టు. నీ మర్యాదలేం చెయ్యకు" అని వేలు చూపించి మరీ చెప్పింది. విప్పి చూశాను. ఎండిపోయిన గోధుమరంగు గుళికలు. పిడికెడు తీసి వాసన చూస్తే ఎరువుల కొట్టు గుర్తొచ్చింది. నా ఇంటికొచ్చిన అల్లుడికి నేను ఇవి పెట్టాలా! కారు వీధి మలుపు తిరిగిందో లేదో ఫ్రిజ్ తలుపు తీశాను.

మొదట గేదెపాలు. గోరువెచ్చగా, మీగడతో సహా. గిన్నె అడుగు కనిపించేదాకా తాగాడు. మళ్ళీ పోశాను, మళ్ళీ తాగాడు. పొట్ట నేలకి ఆనింది. నా జన్మ ధన్యమైంది. పిల్లికి పాలు పొయ్యకూడదని నాకు ఏ సామెతా చెప్పలేదు మరి. కళ్ళు మూసుకుని తాగేదీ పాలే, ఉట్టి ఎప్పుడు తెగుతుందా అని కాచుకునేదీ పాలకోసమే. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నె చూసి పారిపోయిందని చిన్నప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడాలోచిస్తే రాయలవారు ఇంటింటికీ పంచిన పిల్లులన్నిట్లోకీ కడుపు బాగున్నది ఆ ఒక్కదానికే అయ్యుంటుంది. పిల్లలు తల్లిపాలు మానే వయసొచ్చేసరికి పాలలోని చక్కెరని అరిగించే ఎంజైము వాటి పేగుల్లో తగ్గుతూ వస్తుందట. అరగని చక్కెర పెద్దపేగుకి చేరి నీళ్ళని లోపలికి లాగుతుంది. అక్కడుండే బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు చేస్తుంది. పైగా గేదెపాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది, ఆవుపాల కంటే చాలా ఎక్కువ. పాలు చిక్కగా లేవని మా పాలవాణ్ణి ఏడాదంతా దెప్పేదాన్ని. సరిగ్గా ఆ వారమే అతనికి పౌరుషం వచ్చింది.

పాలతో ఆగానా? ఆగితే నేను నేనెందుకవుతాను. అది పులసల కాలం. గోదావరికి ఎర్రనీరు తగిలితే సముద్రంలోంచి ఇలస చేప వరదకి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది. ఉప్పునీళ్ళు వదిలి గోదారి నీళ్ళు తాగాక అదే పులస. పుస్తెలమ్మైనా తినాలని మావాళ్ళనే చేప. మా పుస్తెలు క్షేమంగానే ఉన్నాయి గానీ, కొన్న రోజు మా ఆయన బ్యాంకు పాసుబుక్కు వైపు చూడకుండా తిరిగారు. పులుసు పెట్టిన మర్నాడే దాని అసలు రుచి. ఆ మర్నాడు అల్లుడు పొయ్యిగట్టు కింద కూర్చుని, తోక కాళ్ళ చుట్టూ సర్దుకుని, నా మొహంలోకి చూశాడు. ఒక ముక్క తీసి, ముళ్ళు ఏరి, కారం పోవడానికి నీళ్ళలో జాడించి పెట్టాను. ఆ జాడించడం చూసి నా జాగ్రత్తకి నాకే ముచ్చటేసింది. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తంలోని ఎర్రకణాలని విరగ్గొడతాయనీ, పులుసులో నానిన ముక్కని జాడించినంత మాత్రాన ఉల్లి వదలదనీ అప్పటికి నాకు తెలీదు. అదీగాక అది ఒళ్ళంతా నూనె ఉన్న చేప. పాలూ చేపా కలిసిన ఆ చిన్న పొట్టలో ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కాస్త బుద్ధి ఉంటే చాలు.

ఆ రాత్రి మొదలైంది. తెల్లవారుజామున మా ఆయన లైటు వెయ్యకుండా బాత్రూముకి లేచారు. లైటు వేస్తే నా నిద్ర చెడుతుందని ఆయన మంచితనం. హాల్లో ఏదో జారిన చప్పుడు, తర్వాత కొంత నిశ్శబ్దం, ఆ తర్వాత ఒంటికాలి మీద గెంతుతున్న శబ్దం. "అడుసు తొక్కనేల" అన్నంతవరకు వినిపించింది. మిగతా సగం కుళాయి కింద అనుకున్నట్టున్నారు. తెల్లారాక చూస్తే సోఫా కింద, దేవుడి గది గుమ్మంలో, అమ్మాయి చిన్నప్పటి ఫొటో ఆల్బమ్ పక్కన, ఎక్కడ చూసినా వాడి సంతకమే. రంగు పసుపు, వాసన వర్ణించను. ఈ పత్రిక మీరు టిఫిను చేస్తూ చదువుతూ ఉండొచ్చు.

ఇక్కడ మా ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఇరిగేషన్ శాఖలో, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాలు రాస్తూ రిటైరైన మనిషి. వరదలొస్తే ఇప్పటికీ ఆయన ఒంట్లో ఉద్యోగం లేచి కూర్చుంటుంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, నిద్రలో అడిగినా చెప్తారు. ఫోన్లో ఏడుపుగొంతుతో సంగతి చెప్పగానే అమ్మాయి ఒక పటం పంపింది. పశువైద్యులు వాడేదట. కుక్కలూ పిల్లులూ వెళ్ళినదాన్ని 1 నుంచి 7 దాకా మార్కులేసి చూపించే బొమ్మలు. 1 అంటే రాయి, 7 అంటే ఆకారమే లేని నీళ్ళు, 2 ఉత్తమం. ఆ పటం చూడగానే మా ఆయన కళ్ళు మెరిశాయి. రిటైరయ్యాక ఆ మెరుపు నేను చూళ్ళేదు. పాత డైరీ తీశారు, గళ్ళు గీశారు. 5 వస్తే మొదటి హెచ్చరిక, 6కి రెండోది, 7కి మూడోది. ఆ రోజునుంచీ మా ఇంట్లో బులెటిన్లు మొదలయ్యాయి.

"ఉదయం ఆరు గంటలు. వంటింటి గుమ్మం. స్కోరు 6, నిలకడగా ఉంది. రెండో ప్రమాద హెచ్చరిక కొనసాగుతోంది. లోతట్టున పక్కలు వేసుకునేవారు అప్రమత్తంగా ఉండవలెను."

నడుం నొప్పికి కింద పడుకునేది నేనొక్కదాన్నే.

వాడు నీరసపడుతున్నాడనేది నాకు కనిపిస్తూనే ఉంది. నీరసపడ్డ ప్రాణికి మా ఇంటి వైద్యం ఒకటే, ఇంకాస్త పెట్టడం. పెరుగన్నం చలవ కదా అని పెరుగన్నం పెట్టాను. సగ్గుబియ్యం జావ కాచాను. పక్కింటి వదినగారు గోడ మీంచి తొంగిచూసి, చంటిపిల్లలకి జాజికాయ అరగదీసి నాకిస్తే కట్టేస్తుందన్నారు. సాన కడిగి, జాజికాయ చేతిలోకి తీసుకుని, సరిగ్గా ఆ సమయానికి వీడియో కాల్ చేసిన అమ్మాయికి గర్వంగా చూపించాను. అది ఆఫీసులో ఉందట. అయినా అరిచింది. జాజికాయ పిల్లులకి పడదట. దాని వెనకాల కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి నన్నూ, నా సానరాయినీ చూశారు.

అంతకంటే పెద్ద గండం సాయంత్రం తప్పింది. వాడి పొట్ట మీద చెయ్యేస్తే కాలుతోంది. "జ్వరమండీ" అన్నాను. మా ఆయన మందుల డబ్బా తెచ్చి పారాసెటమాల్ మాత్రని నాలుగు ముక్కలు చేశారు, ఆపైన ఒక ముక్కని మళ్ళీ నాలుగు చేశారు. ఇంజనీర్లకి లెక్క ఎక్కువ. బేదులు కట్టడానికి మనం వేసుకునే మాత్ర కూడా పక్కన సిద్ధంగా ఉంది. రెండూ తేనెలో రంగరించి వేద్దామనుకుంటుంటే ఇంట్లో తేనె అయిపోయిందని తేలింది. కొట్టుకెళ్ళడానికి ఆయన చెప్పులేసుకుంటుండగా మనసు పీకి అమ్మాయికి ఫోన్ చేశాను. ఈసారి అది అరవలేదు. చాలా మెల్లగా, "అమ్మా, ఆ డబ్బా మూత పెట్టు. నాన్నని కూర్చోమను. వాడికి ఏమీ వెయ్యకండి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అంది. అది మెల్లగా మాట్లాడితే నాకు భయం. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుందట. మన చేతికది జ్వరమే. ఆ లేని జ్వరానికి వెయ్యబోయిన పారాసెటమాల్‌ని విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిన్న మోతాదు కూడా రక్తాన్ని పాడుచేసి చంపేస్తుంది. తేనె సీసా ఖాళీ చేసిన చీమలకి నేనిప్పటికీ రుణపడే ఉన్నాను.

శాంపిల్ తీసుకెళ్ళమని అమ్మాయి చెప్పింది, తాజాగా, మూత ఉన్న డబ్బాలో. తెల్లారి తాజాగానే దొరికింది. చేతికందిన డబ్బా ఆత్రేయపురం పూతరేకులది. ఆసుపత్రిలో చీటీ రాసే కుర్రాడి బల్ల మీద దాన్ని పెట్టాను. "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అంటూ ఆ అబ్బాయి సిగ్గుపడుతూనే డబ్బా తన వైపు లాక్కున్నాడు. నేను నోరు తెరిచేలోపు మూత తెరిచాడు. ఆ తర్వాత మా వంతు చాలా త్వరగా వచ్చింది.

"అల్లుడుగారు ఎవరండీ?" అని లోపల్నుంచి కేక. అత్తగారి పొమేరియన్‌ని ఒళ్ళో పెట్టుకున్న ఒక యువకుడు అలవాటుగా లేచి నుంచున్నాడు.

డాక్టరమ్మ గన్నవరం కాలేజీలో చదివిందట. మా అమ్మాయి ఈడుది. వాణ్ణి బల్ల మీద పెట్టి మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. చటుక్కున సర్దుకోవాల్సింది, కాసేపు ముడతగా నిలబడింది. ఒంట్లో నీరు తగ్గిందనడానికి అది గుర్తు. చిగుళ్ళు కూడా తడిలేక వేలికి జిగటగా తగులుతున్నాయంది. నేను చాటుగా నా చేతి మీది చర్మం లాగి చూసుకున్నాను. ఎంతసేపటికీ దిగలేదు. "మీకది వయసండీ" అంది డాక్టరమ్మ, నా వైపు చూడకుండానే.

తర్వాత అడిగింది, "ఏం పెట్టారు?"

ఈ ప్రశ్న నన్నెవరు అడిగినా నేను వివరంగానే చెప్తాను. గేదెపాల దగ్గర ఆమె పెన్ను కదిలింది. పులస దగ్గర ఆగింది. పెరుగన్నం, జావ, మధ్యలో మర్చిపోయిన ఆమ్లెట్టు, అది కూడా చెప్పేసరికి పెన్ను కింద పెట్టి, "అమ్మా, ఇవన్నీ ఇంత తక్కువ టైములో తింటే నాకైనా అవుతాయి" అంది. తిండి మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ ఓ వారం పది రోజులు తీసుకోవాలట. కారు ప్రయాణం, తల్లి దూరమవడం, కొత్త ఇల్లు, వీటి బెదురే పేగుల్ని కదిలించడానికి చాలు. దాని మీద నా మర్యాద.

అంతవరకు నవ్వుతూనే చెప్పింది. టీకాలు పడలేదని విన్నాక మాత్రం గొంతు మారింది. పిల్లుల్లో పార్వో జాతి వైరస్ జబ్బు ఒకటుంది, విరేచనాలతో, వాంతులతో మొదలవుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, వైరస్‌ని చంపే మందు లేదు, పసివాటిలో చాలామటుకు బతకవు. పరీక్ష పట్టీ మీద గీత వస్తుందో రాదో తేలడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ నిమిషాల్లో మా ఆయన బులెటిన్ ఇవ్వలేదు. గోడకి ఆవుల గాలికుంటు టీకాల పోస్టరు ఉంటే దాన్నే చదివారు, మళ్ళీ మొదట్నుంచి చదివారు. రెండో గీత రాలేదు.

అసలు దొంగ సూక్ష్మదర్శినిలో దొరికాడు. "చూస్తారా?" అంటే చూశాను. గుండ్రంగా, మందపాటి గరుకు పెంకుతో గుడ్లు. ఏలికపాములవి. "మా ఇంట్లో పురుగులా!" అన్నాను. ఇల్లు రోజూ తుడిపించే మనిషినే! "మీ ఇంట్లోవి కాదమ్మా, తల్లిపాలలోంచి వచ్చినవి" అంది. తల్లి కండల్లో నిద్రపోయే పురుగుపిల్లలు కాన్పు తర్వాత పాలలోకి దిగుతాయట. అందుకే పిల్లిపిల్లలకి మూడో వారంనుంచే, రెండు వారాలకోసారి పురుగుల మందు వెయ్యాలి. నేను వాడికి పెట్టినదాంట్లో సగం ఆ పురుగులే తిన్నాయన్నమాట. అంటే మర్యాద పురుగులకి కూడా జరిగింది.

వాడి చర్మం కిందికి సూదితో సెలైన్ ఎక్కిస్తే భుజాల మధ్య చిన్న మూపురం లేచింది. కొన్ని గంటల్లో ఒళ్ళు పీల్చుకుంటుందట. పైరాంటెల్ సిరప్పు, పేగులకి మంచి బాక్టీరియా పొడి రాసిచ్చింది. "యాంటీబయాటిక్ రాయరా?" అని మా ఆయన అడిగారు. యాంటీబయాటిక్ రాయని డాక్టరంటే ఆయనకి పిండప్రదానం చెయ్యని పురోహితుడితో సమానం. అవసరం లేదనీ, ఉన్న మంచి బాక్టీరియా కూడా పోతుందనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. వాంతులు మొదలైనా, రక్తం పడినా, తిండి మానేసి మూలకి నక్కినా అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమంది. ఇంత చిన్న ఒంట్లో దాచుకున్న శక్తి ఏమీ ఉండదు, గంటల్లో మనిషి మారిపోతాడంది. ఆమె కూడా వాణ్ణి మనిషనే అంది.

చివర్లో చెప్పిన ముక్క నాకు ప్రాణం పోసింది. "పెద్ద పిల్లులకైతే ఒక పూట కడుపు కాలుస్తాం. వీడికి అలా చెయ్యకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. పెడుతూనే ఉండాలి." పెడుతూనే ఉండాలి! నేను మా ఆయన వైపు విజయగర్వంతో చూశాను. తర్వాత వాక్యం కూడా ఉంది: "కొంచెం కొంచెంగా, రోజుకి అయిదారుసార్లు, ఉడికించిన కోడిమాంసం. ఉప్పు వద్దు. పసుపు వద్దు. అల్లంవెల్లుల్లి వద్దు. నూనె వద్దు. నాలుగు రోజులు పోయాక ఆ ప్యాకెట్టు తిండిలోకి మెల్లగా మార్చండి." ఆ ఎండు గుళికల్లో టారిన్ అనేది కలుపుతారట. అది మాంసంలోనే ఉంటుంది, పిల్లి ఒళ్ళు దాన్ని సరిపడా తయారుచేసుకోలేదు. లేకపోతే కళ్ళు పోతాయి, గుండె సాగిపోతుంది. గుండె సంగతి శాస్త్రవేత్తలు 1987లో కనిపెట్టారట. పెరుగన్నం ఎంత మీగడపెరుగుతో కలిపినా అది రాదు.

దారిలో మెడికల్ షాపు దగ్గర ఆగాం. కొట్టు నిండా జనం. మా ఆయనకి వినికిడి కొంచెం తక్కువ, అందుకని గొంతు కొంచెం ఎక్కువ.

"మా అల్లుడికండీ. కడుపులో పురుగులు. ఆగకుండా వెళుతున్నాడు. ఇల్లంతా."

"ఇల్లంతానా?" అన్నాడు షాపతను. "బరువెంతుంటారండీ?"

"ఆరొందల గ్రాములు."

షాపతను చీటీ తీసుకుని చదివి ఊపిరి పీల్చుకున్నాడు. చీటీ చదవని జనం మాత్రం అరకొర విషయంతోనే ఇళ్ళకి వెళ్ళారు. సాయంత్రానికి పక్కింటి వదినగారు బత్తాయిల సంచీతో వచ్చారు. "పెళ్ళెప్పుడు చేశారు వదినగారూ, ఒక్క మాటైనా చెప్పలేదు. పోనీలెండి, ఈ రోజుల్లో పిల్లలు ఎలా చేసుకుంటే అలాగే. అబ్బాయికి ఎలా ఉంది?" అని కళ్ళు తుడుచుకున్నారు. జాజికాయ వైద్యం చెప్పింది ఎవరికోసమని ఆవిడ అనుకున్నారో అప్పుడు అర్థమైంది నాకు. లోపల్నుంచి అబ్బాయి నడిచొచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళు వాసన చూశాడు. బత్తాయిలు వెనక్కి తీసుకెళ్ళలేదు గానీ, ఆవిడ మొహంలో తేరుకున్న సంతోషం కంటే కథ చెడిందన్న దిగులే ఎక్కువ కనిపించింది.

మందు వేసిన మర్నాడు పురుగులు పడ్డాయి. ఉడికిన సేమియాలా, తెల్లగా, పొడుగ్గా. అందులో ఒకటి రెండు కదులుతున్నాయి. రాబోయే శ్రావణ శుక్రవారానికి సేమియా పాయసం అనుకున్నదాన్ని బెల్లం పరమాన్నానికి మార్చాను. మా ఆయన సంఘీభావంగా తనూ ఒక నులిపురుగుల మాత్ర వేసుకున్నారు. ఆ ఫలితం డైరీలో రాయవద్దని నేను గట్టిగా చెప్పాను.

ఇక శుభ్రం. నేను రోజూ రెండు పూటలా నల్ల ఫినాయిల్ పోసి తుడిపిస్తున్నానని గొప్పగా చెప్తే, డాక్టరమ్మ పారాసెటమాల్ విన్నప్పుడు పెట్టిన మొహమే మళ్ళీ పెట్టింది. ఫీనాల్ జాతి రసాయనాలని కూడా పిల్లి కాలేయం వదిలించుకోలేదు. నేల మీద నడిచిన పాదాల్ని వాడు నాకుతాడు. ముందు సబ్బునీళ్ళతో కడిగి, ఆ పైన ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం 32 వంతుల నీళ్ళలో కలిపి తుడిచి, పది నిమిషాలాగి కడిగేసి, పూర్తిగా ఆరాకే వాణ్ణి వదలాలి. కడక్కుండా మూత్రం మీదే బ్లీచింగ్ పోస్తే ఘాటు విషవాయువు లేస్తుంది. ఇదంతా మా పనమ్మాయికి చెప్పాను. "అమ్మగారూ, మా ఇంట్లో పసిపిల్లాడికి కూడా ఇంత లేదండి" అంది. నిజమే. నేను జీతం పెంచాను. ఆ మాటకి కాదు, మానేస్తుందన్న భయానికి.

వాడి దొడ్డి గురించి ఇంకో అవమానం మిగిలింది. పిల్లి ఇసుకని ప్యాకెట్లలో అమ్ముతారు, కిలోలెక్కన. బెంటొనైట్ బంకమట్టి. మన దేశంలో అది ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ వైపు దొరుకుతుందట. గోదావరి ఒడ్డున పుట్టి, గోదావరి ఒడ్డున పెరిగి, ప్రభుత్వం 2024 జులైలో ఇసుక ఉచితమని ప్రకటించిన రాష్ట్రంలో ఉంటూ, కచ్ నుంచి మట్టి తెప్పించుకున్న ఇల్లు మాది. తీరా తెప్పించాక, గడ్డకట్టే రకం మరీ చిన్న పిల్లలకి వద్దని, నాకితే కడుపులో గడ్డకడుతుందని అమ్మాయి మరో వార్త చెప్పింది. మా ఆయన ఏమీ మాట్లాడకుండా బకెట్టు పట్టుకుని ఎదురింటి మేడ కడుతున్నచోటికి వెళ్ళి, మేస్త్రీని అడిగి, గోదారి ఇసుక తెచ్చి, జల్లెడ పట్టి, ట్రేలో పోశారు. అల్లుడు ఎక్కి చూశాడు, గోకాడు, కూర్చున్నాడు. ఏలికపాముల గుడ్లు మట్టిలో కొన్ని వారాలు ముదిరితేగాని అంటుకోవు కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీసేస్తే చాలునట. ఆ తీసే పని మా ఆయనది. రీడింగు కూడా తీసుకోవచ్చు కదా.

ఇంక నాకు మిగిలింది వంట. ఉప్పు లేని కోడిమాంసం ఉడుకుతుంటే పొయ్యి ముందు నిలబడ్డాను. పెళ్ళైనప్పట్నుంచీ ఇంత అవమానకరమైన వంట నేను చెయ్యలేదు. చెయ్యి దానంతటదే పోపులపెట్టె మీదికి పోతుంది, వెనక్కి లాక్కుంటాను. వీధిలోకి వాసన పోతే ఎవరైనా ఏమనుకుంటారోనని కిటికీ మూశాను. నా చేతి పనసపొట్టు కూర కోసం కాకినాడ నుంచి వచ్చినవాళ్ళున్నారు. గుత్తొంకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్న వియ్యాలవారున్నారు, మా చెల్లెలి తరఫున. ఆ చేత్తో పీచులు పీచులుగా తుంచిన ఈ చప్పిడి మాంసాన్ని ఒక చెంచాడు గిన్నెలో వేశాను. వాడు ఒక్కసారి వాసన చూసి గిన్నెలో తల పెట్టాడు. గుర్రుమంటూ తిన్నాడు. గిన్నె నాకాడు, గిన్నెని గోడదాకా నెట్టుకుంటూ నాకాడు, గిన్నె ఉన్న నేలని కూడా నాకాడు. నా పులసకి ఆ మర్యాద జరగలేదు. ఇంకొంచెం వెయ్యమని నా కాళ్ళ చుట్టూ తిరుగుతుంటే, సున్నిపిండి తూచే కాటా మీద తూచిన మోతాదు దాటకుండా నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అడిగినవాడికి పెట్టకపోవడం జీవితంలో మొదటిసారి. మా అమ్మ చూస్తే నన్ను గడప ఎక్కనిచ్చేది కాదు.

బులెటిన్లు మెల్లగా మారాయి. మూడో హెచ్చరిక రెండోదైంది. రెండోది మొదటిదైంది. ఒకరోజు మధ్యాహ్నం ఎండు గుళికల వంతు ఎక్కువయ్యి స్కోరు మళ్ళీ 5కి లేచింది. ఎగువన భద్రాచలం దగ్గర పెరిగిందేమోనని మా ఆయన వాడి తలవైపు అనుమానంగా చూశారు. డాక్టరమ్మ మార్పు ఇంకా నిదానంగా చెయ్యమంది. చేశాం. కాటా మీద వాడి బరువు పైకెక్కింది. కర్టెన్లు కూడా ఎక్కాడు. తుంచి పెట్టిన వత్తుల్ని తరిమి తరిమి వేటాడాడు. టీకాకి తారీఖు రాయించుకున్నాం.

ఆ తర్వాత ఒక ఉదయం ఇసుకట్రే దగ్గర్నుంచి మా ఆయన కేక వేశారు. అలాంటి కేక అమ్మాయి ఇంజనీరింగ్ ర్యాంకప్పుడు విన్నాను. పరిగెత్తాను. ఇద్దరం వంగి చూశాం. పటంలోని రెండో బొమ్మ అచ్చుగుద్దినట్టు ట్రేలో ఉంది. ఆయన లైటు సరిచూసుకుని, పక్కన కొలతకోసం స్కేలు పెట్టి ఫొటో తీశారు. కింద ఇలా రాశారు: "మన అల్లుడుగారు, ఈ ఉదయం 6.10. స్కోరు 2. అన్ని హెచ్చరికలూ ఉపసంహరించడమైనది." అమ్మాయికి పంపానన్నారు.

అమ్మాయికి వెళ్ళలేదు. ఫోన్లో దాని పేరుకి పైన ఉన్న గ్రూపుకి వెళ్ళింది. పెళ్ళి సంబంధాలు చూసే ఒకావిడ నడిపే గ్రూపది. అందులో జిల్లాలో పెళ్ళీడు పిల్లలున్న తల్లిదండ్రులంతా ఉంటారు. పొద్దున్నే వచ్చిన దేనికైనా చూడకుండా దణ్ణం బొమ్మ పెట్టే పెద్దలు ఇరవైమంది దాకా దణ్ణాలు పెట్టారు. ఒకాయన "శుభం భూయాత్" అన్నారు. ఫొటో తెరిచి చూసినవాళ్ళు ఏమీ అనలేదు. అమలాపురం సంబంధంవాళ్ళు, వచ్చే నెల పెళ్ళిచూపులకి వస్తామన్నవాళ్ళు, గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

విషయం తెలిశాక అమ్మాయి చాలాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. నవ్వుతోందని తర్వాత తెలిసింది. ఆ వారాంతానికి కొరియర్‌లో మా ఆయనకి ఖరీదైన లినెన్ చొక్కా వచ్చింది, అల్లుడికి ఈకల బొమ్మ వచ్చింది. నాకు, ఉప్పు లేని వంటల పుస్తకం.